కిరాయి ఇంటెనక స్కేట్‌బోర్డ్ ర్యాంప్ కట్టొచ్చా?

ప్రశ్న: నల్గొండలో కిరాయికి ఉంటున్నం. ఇంటెనక ముప్పై గజాల జాగ ఖాళీగ ఉంది. పదమూడేళ్ల మా బాబు స్కేట్‌బోర్డ్‌కు నాలుగడుగుల ర్యాంప్ కావాలంటుండు. ఓనర్ ఫోన్ల "కట్టుకోండి" అన్నడు. పక్కింటాయన సప్పుడైతే కేసు పెడత అంటుండు. ఆడనీకి వచ్చే పిల్లల తల్లిదండ్రులతోటి, దెబ్బ తగిలితే మాకు బాధ్యత లేదని బాండ్ రాయించుకుంటే సరిపోతదా?

జవాబు: ముందు ఇది చెప్పండి సార్, మీరు మాట్లాడింది మేస్త్రీతోనా, వెల్డింగ్ షాపాయనతోనా? సగం జవాబు దాంట్లనే ఉంది. ఇటుక, సిమెంటుతోటి కడితే అది పర్మనెంట్ కట్టడం, 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం ఓనర్ ఒప్పుకోకుండ కిరాయిదారు అట్లాంటిది కట్టొద్దు, ఆయన ఫోన్ల అన్నమాట రేపు నేననలే అంటే మీ దగ్గరేముంది? పైగా ఇంటెనక జాగ చాలా ఇండ్లకు సెట్‌బ్యాకే, అంటే ఇంటికీ హద్దుకూ నడుమ ఇడిచిపెట్టాల్సిన జాగ, ప్లాన్ల ఖాళీ అని చూపెట్టిన జాగల కడితే మున్సిపాలిటోళ్లు ఓనర్‌నే అడుగుతరు, ఆయన మీ అడ్వాన్స్‌ల పట్టుకుంటడు. అదే ఇనుప ఫ్రేమ్ మీద ప్లైవుడ్ ఏసి నట్లు బోల్టులతోటి బిగిస్తే ఈ లొల్లి చాలా వరకు ఉండది. కిరాయిదారు తను బిగించుకున్నది ఖాళీ చేసే ముందు ఇప్పుకొని పోవచ్చని గూడ అదే సెక్షన్ల ఉంది, కాకపోతే జాగ ఎట్ల తీసుకున్నరో అట్లనే అప్పజెప్పాలె. అగ్రిమెంట్ల వేరేగ రాసుకుంటే మాత్రం అదే నడుస్తది, ఒకసారి తీసి చూడండి.

పక్కింటాయన కోపం ఉత్తదేం గాదు. ప్లైవుడ్ కింద బోలు ఉంటే చక్రం పడ్డప్పుడల్లా ఖాళీ డ్రమ్ము లెక్క మోగుతది, కింద రబ్బరు షీట్లు పెట్టించండి, కాంపౌండ్ గోడకు ఆనించకండి. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం ఇండ్ల మధ్యల సప్పుడు పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాక 45 దాటొద్దు. ఆయన సివిల్ కోర్టుల ఇంజంక్షన్‌కు, అంటే ఆట ఆపమనే ఆర్డరుకు పోవచ్చు, గల్లీ మొత్తానికి తిప్పలైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద ఆర్డీఓ దగ్గరికి పోవచ్చు. ఆడే టైం ముందే ఆయనకు చెప్పి ఒప్పించుకుంటే అంత దూరం పోదు.

నాకు అసలు భయం బాండ్ గురించే. మైనర్‌తోటి చేసుకున్న ఒప్పందం చెల్లదు, తండ్రి సంతకం పెట్టిండని మీ నిర్లక్ష్యం మాఫీ గాదు. బోల్టు ఊడిపోయిందని తెలిసి గూడ ఆడనిచ్చి, ఎవరి పిలగానికన్న చెయ్యి ఇరిగితే, ఎముక ఇరగడం చట్టంల తీవ్ర గాయం కిందికొస్తది, భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 125వ సెక్షన్ కింద మూడేండ్ల దాక జైలు, పదివేల దాక జరిమానా, లేదా రెండూ. నష్టపరిహారం దావా వేరే. అయినా కాయితం రాయించుకోండి, హెల్మెట్ లేకుండ ఎక్కనియ్యమని ముందే చెప్పినట్టు సాక్ష్యం ఉంటది, అంతవరకే. మీరు ఇంట్ల లేనప్పుడు వెనక గేటుకు తాళం పడాలె.

ఓనర్‌కు ఇయ్యాల్నే వాట్సాప్ చెయ్యండి: "ఇంటెనక జాగల ఇప్పుకునే ఇనుప ర్యాంప్ పెట్టుకుంటున్నం, ఖాళీ చేసేటప్పుడు తీసేసి జాగ సాపు చేసి ఇస్తం, మీరు ఫోన్ల ఒప్పుకున్నరు, ఒకసారి ఓకే అని పెట్టండి." ఆ ఓకే వచ్చినంకనే వెల్డింగాయనకు బయానా ఇయ్యండి.