ఫైటర్‌కు మంత్రాలు కావాలంటే విజార్డ్ లెవెల్ తీసుకోవాలా?

మీరు అడిగింది: పర్లాకిమిడిలో ముగ్గురే కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ పాత్రలతో కథ నడిపే ఆట) ఆడుతున్నారు, విజార్డ్ (మంత్రగాడి క్లాస్) ఎవరూ లేరు. మీది 2వ లెవెల్ ఫైటర్ (ఆయుధాలతో పోరాడే క్లాస్), స్ట్రెంత్ 16, ఇంటెలిజెన్స్ 13. వచ్చే లెవెల్ విజార్డ్‌లో తీసుకోవచ్చా?

వద్దండీ. ఐదో ఎడిషన్‌లో 2014 రూల్స్ అనుకుని చెప్తున్నాను, 5 దాకా ఫైటర్‌లోనే ఉండండి. మల్టీక్లాస్‌కు, అంటే రెండో క్లాస్‌లో లెవెల్ తీసుకోవడానికి, మీ ఇంటెలిజెన్స్ 13 సరిపోతుంది, అక్కడ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా తర్వాత వస్తుంది. స్ట్రెంత్ లాంటి స్కోర్ పెంచుకునేది ఫైటర్ 4లో, ఎక్స్‌ట్రా అటాక్ (టర్న్‌కి రెండో వేటు) ఫైటర్ 5లో. మధ్యలో విజార్డ్ దూరితే రెండూ ఒక లెవెల్ వెనక్కి పోతాయి. ఒక్క లెవెలే కదా అనిపిస్తుంది. కానీ మన వైపు ఆట ఎప్పుడు కుదురుతుందో మీకూ తెలుసు. మా రాయగడలో సగం మంది విశాఖలోనో భువనేశ్వర్‌లోనో చదువుతున్నారు, సెలవలకు వస్తేనే ఆట. ఆ ఒక్క లెవెల్ అంటే దసరా నుంచి సంక్రాంతి దాకా!

మా డీఎం (ఆట నడిపే అతను) కథను మహేంద్రగిరి మీద నడిపిస్తాడు. కొండ దారిలో ఓగర్ (రాక్షసి లాంటి జీవి) ఎదురైంది. దానికి 59 హిట్ పాయింట్లు (ప్రాణ బలం). మాలో ఒకతను ఫైటర్ 4, విజార్డ్ 1. ఒక్క కత్తి వేటు, తగిలితే సగటున 8 లేదా 9 పాయింట్ల దెబ్బ. ఫైర్ బోల్ట్ అనే నిప్పు మంత్రం ఆ స్థాయికి సగటున 11 కొడుతుంది, నిజమే. కానీ ఇంటెలిజెన్స్ 13తో తగలడానికి డైస్‌కు కలిపే బోనస్ దానికి +4, కత్తికి +7. మొత్తం మీద ఒక వేటుకు కాస్త అటూ ఇటూ, అంతే. పక్కనే మా చెల్లి ఫైటర్ 5, ప్రతి టర్న్‌కి రెండు వేట్లు వేస్తోంది.

మంత్రం కూడా ఆమె దగ్గరే ఉంది. 3వ లెవెల్‌లో ఎల్డ్రిచ్ నైట్ (మంత్రాలు వచ్చే ఫైటర్ శాఖ) తీసుకుంది. మీకూ నేను చెప్పేది అదే. ఓగర్ డైస్ 14 పడింది, దాని బోనస్ 6 కలిపితే 20. చెల్లి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే రావాల్సిన అంకె) 16. దెబ్బ తగిలేదే, కానీ "షీల్డ్ వేస్తున్నా" అంది. ఆ రక్షణ మంత్రంతో ఆర్మర్ క్లాస్‌కు 5 కలిసి 21 అయింది, గద గాలిలో పోయింది. టేబుల్ చుట్టూ తెలుగులోనూ ఒడియాలోనూ ఒకటే అరుపులు. ఒకటి గమనించండి, ఆమెది రెండు చేతుల కత్తి కాబట్టి మంత్రానికి ఒక చెయ్యి వదలగలిగింది. మీరు కత్తీ డాలూ పట్టుకుంటే ఆ మంత్రానికి చెయ్యి ఖాళీ ఉండదు, వార్ కాస్టర్ అనే ఫీట్ (స్కోర్ పెంపు బదులు తీసుకునే ప్రత్యేక నేర్పు) కావాలి.

విజార్డ్ లేని గుంపుకి అసలు లోటు నిప్పు బంతులు కావు, డిటెక్ట్ మ్యాజిక్, ఐడెంటిఫై లాంటివి (మాయ ఎక్కడుందో, మాయ వస్తువు ఏం చేస్తుందో చెప్పే మంత్రాలు). ఎల్డ్రిచ్ నైట్‌కు వీటిని రిచువల్‌గా చేసే వీల్లేదు. దానికి రిచువల్ కాస్టర్ అని ఒక ఫీట్ ఉంది, ఇంటెలిజెన్స్ 13 ఉంటే చాలు. రిచువల్‌గా చేస్తే 10 నిమిషాలు ఎక్కువ పడుతుంది గానీ స్పెల్ స్లాట్ (మంత్రాలకున్న పరిమిత కోటా) ఖర్చవదు. ఫైటర్‌కు 6లో మిగతా క్లాసుల కంటే అదనంగా ఒక స్కోర్ పెంపు వస్తుంది. దాని బదులు ఈ ఫీట్ తీసుకోండి, 4లో వచ్చేది మాత్రం స్ట్రెంత్‌కే పెట్టండి. ఫీట్లు ఐచ్ఛిక రూల్ కాబట్టి మీ డీఎంని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఒప్పుకోకపోతే 5 దాటాక ఒక్క విజార్డ్ లెవెల్ తీసుకున్నా రిచువల్స్ వచ్చేస్తాయి.