తౌబా (పాపం మాని అల్లాహ్ వైపు మళ్ళడం) చేస్తానన్న నా చెల్లెలి కొడుక్కి

బేటా,

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహ్.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. విరాళాల డబ్బు తినేశాడని ఒక పెద్దమనిషి మీద నువ్వు పోస్టు పెట్టావట. అది గ్రూపు గ్రూపుకీ పాకాక అబద్ధమని తేలిందట. ఇప్పుడు తౌబా నమాజ్ చదివి, ఏడుస్తూ ఒక వీడియో పెట్టి, అకౌంట్లన్నీ మూసేస్తానంటున్నావట. తప్పు తెలిసి నువ్వు వణికిపోయావని విన్నప్పుడు అల్హందులిల్లాహ్ అనుకున్నాను. నీ వయసులో చాలామంది పోస్టు తుడిచేసి ఊరుకుంటారు. కానీ ఆ వీడియో మాట, అకౌంట్ల మాట వినగానే నా గుండె గుభేలుమంది. రాత్రంతా నిద్ర పట్టలేదు.

నమాజ్ సంగతి తేలిక. చక్కగా వుజూ (నమాజ్‌కు ముందు శుద్ధి) చేసుకుని రెండు రకాతుల నఫిల్ (ఐచ్ఛిక నమాజ్) చదివి క్షమాపణ వేడుకో. ఈ మాట హజ్రత్ అబూబక్ర్ (రజి) ప్రవక్త (స) నుంచి విని హజ్రత్ అలీ (రజి)కి చెప్పారు, అబూ దావూద్‌లోనూ తిర్మిజీలోనూ, అంటే హదీసుల (ప్రవక్త మాటల) సంకలనాల్లో ఉంది. ఫలానా సూరానే చదవాలని లేదు. మన హనఫీ పద్ధతిలో ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజ్) తర్వాత పొద్దు పొడిచి కాస్త పైకి వచ్చేదాకా, నడినెత్తిన సూర్యుడున్నప్పుడు, అస్ర్ (సాయంత్రపు నమాజ్) తర్వాత మగ్రిబ్ (పొద్దు గుంకాక చదివే నమాజ్) దాకా నఫిల్ చదవకు. రాత్రి చివరి మూడో భాగం దొరికితే అంతకన్నా మంచి వేళ లేదు. సయ్యిదుల్ ఇస్తిగ్ఫార్, అదే క్షమాపణ దుఆల్లో మేటిది, నీకు చిన్నప్పుడే నేర్పాను. మరిచిపోయి ఉంటే చూసి చదువు, తప్పు లేదు.

ఇక నా భయం చెబుతాను.

తౌబాకు మూడు షరతులని ఇమాం నవవీ రియాజుస్సాలిహీన్‌లో రాశారు. ఆ పాపం మానేయాలి, చేసినందుకు కుమిలిపోవాలి, మళ్ళీ ఆ దారి తొక్కనని గట్టిగా అనుకోవాలి. ఇవి అల్లాహ్‌కూ మనకూ మధ్య పాపాలకు. ఇంకో మనిషి హక్కు పోయిందా, నాలుగోది వచ్చి చేరుతుంది: ఆ హక్కు తిరిగి ఇచ్చేయాలి, లేదా అతని చేత మాఫీ చేయించుకోవాలి. నువ్వు తీసుకున్నది ఆ మనిషి పరువు. అది నీ సజ్దాలో (సాష్టాంగంలో) లేదు బేటా, ఆ గ్రూపుల్లో ఉంది.

మీ పెద్ద మామూ, అదే మా భయ్యా సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. పిల్లలకు అవసరం పడితే చెప్పమని తనే నాకు అప్పగించి వెళ్ళాడు. లేకపోతే పోయినవాళ్ళ తప్పు నా నోటికి తెచ్చుకునేదాన్ని కాదు. అప్పటికి ఫోన్లు లేవు, నోళ్ళే. అనాథ పిల్లల నిధి లెక్కలు ఒకాయన చూసేవాడు. లెక్కలో తేడా ఉందని భయ్యా ఎవరో అంటే విన్నాడు. జుమా తర్వాత జనం కూర్చుని ఉన్నప్పుడు 'తేడా ఉంది' అనలేదు, 'తిన్నాడు' అన్నాడు. కొన్నాళ్ళకు చూస్తే కూడికలో పొరపాటు, డబ్బు అణా పైసలతో సహా భద్రంగా ఉంది. భయ్యా ఆ రాత్రి ఏడ్చిన ఏడుపు నేను పక్క గదిలోంచి విన్నాను. ఎన్ని నఫిళ్ళు చదివాడో, ఎంత సదకా (దానం) ఇచ్చాడో! మసీదులో ఏతెకాఫ్ (ఏకాంత ఆరాధన) కూర్చున్నాడు. హజ్‌కు వెళ్ళి అరఫాత్‌లో సాయంత్రం దాకా చేతులు దించకుండా దుఆ చేశాడు. కానీ ఆ జనం ముందు నిలబడి 'నేనన్నది అబద్ధం' అన్న ఒక్క మాట అనలేదు. అల్లాహ్ దగ్గర ఒప్పుకున్నాను కదా, మళ్ళీ కదిపితే మానుతున్న గాయం రేగుతుంది అనేవాడు. మానుతున్నదెవరికి? ఆయన లెక్కలు వదిలేశాడు. నమాజ్‌కు చివరి వరసలో నిలబడి, సలాం తిప్పగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. కూతురికి వచ్చిన సంబంధాలు వెనక్కి పోయాయి. ఒకరోజు ఆయన పోయాడన్న కబురు వచ్చింది.

ఆయన జనాజా (అంత్యక్రియలు) నుంచి వచ్చాక భయ్యా ఒక ఆలిమ్ (మత పండితుడు) దగ్గరికి వెళ్ళాడు. అల్లాహ్ హక్కు ఆయన రహ్మత్‌కు వదిలెయ్యి, మనిషి హక్కు ఇంకా నీ మెడ మీదే ఉంది అన్నారట. ఎక్కడ చెడు మాట అన్నావో అక్కడే నిజం చెప్పు, ఆయన పిల్లల దగ్గర మాఫీ అడుగు, ఆయన కోసం దుఆ చెయ్యి అన్నారు. అప్పుడు లేచి చెప్పాడు, జుమా తర్వాతే. విన్నవాళ్ళలో సగం మంది అప్పటికే లేరు. కుర్రవాళ్ళు 'ఎవరాయన?' అని అడిగారు. ఆ పెద్దాయన కొడుకు మాత్రం అంతా విని, "ఈ మాట మా అబ్బా చెవిన పడి ఉంటే బాగుండేది" అన్నాడు. భయ్యా పోయేదాకా ఆ మాట తలచుకుని కుమిలిపోయాడు.

దివాలా తీసినవాడెవడో సహీహ్ ముస్లిం హదీసులో ఉంది కదా. నమాజ్, రోజా, జకాత్ మోసుకుని ఖయామత్ (తీర్పు) రోజున వస్తాడు. ఒకణ్ణి తిట్టి ఉంటాడు, ఒకడి మీద నింద వేసి ఉంటాడు. వాడి పుణ్యాలు వాళ్ళకు పంచుతారు. అవి అయిపోతే వాళ్ళ పాపాలు వీడి నెత్తికెత్తుతారు. నువ్వు నాకెంత ప్రియమైనవాడివో నీకు తెలుసు. నీ నమాజులు ఎవరి ఖాతాలోకో పోతాయని తలచుకుంటేనే నా కడుపు తరుక్కుపోతుంది.

కాబట్టి అకౌంట్ మూయకు. ముందు నిజం చెప్పు, తర్వాత మూస్తావో ఉంచుతావో నీ ఇష్టం. ఇప్పుడే మూసేస్తే అది పారిపోవడం. నిన్ను నమ్మిన జనానికి నిజం చేరే దారి కూడా నీ చేతులతో నువ్వే మూసినట్టు.

అందరికంటే ముందు నువ్వు నింద వేసిన ఆ పెద్దమనిషి దగ్గరికి వెళ్ళు. ఆయనకు తెలియని గీబత్ (చాటున చెడు చెప్పడం) అయితే వేరు. చెప్పి కొత్తగా బాధపెట్టకుండా, ఆయన కోసం దుఆ చేసి, చెడు చెప్పిన చోటే మంచి చెప్పమని ఇబ్న్ తైమియ్యా వంటి ఆలిములు అన్నారు. నీ సంగతిలో ఆయనకు అన్నీ తెలుసు. ఎదురుగా వెళ్ళి తలవంచి అడుగు. రికార్డు చేయకు. మాఫీ చేయనంటే వాదించకు, వెంటపడకు. ఆయనకు ఆ హక్కుంది.

తర్వాత ఎక్కడెక్కడ పెట్టావో అక్కడే రాయి. 'ఎవరికైనా బాధ కలిగి ఉంటే' అని రాశావంటే నేను నీతో మాట్లాడను. 'నేను ఆయన గురించి రాసింది అబద్ధం, విచారించకుండా రాశాను, పంచినవాళ్ళందరూ దీన్ని కూడా పంచండి', అంతే. ఆ నింద వివరాలన్నీ మళ్ళీ ఏకరువు పెట్టకు, వినని వాళ్ళు కూడా వింటారు. సాకులు వద్దు. తబూక్ యుద్ధానికి వెళ్ళకుండా ఉండిపోయిన ప్రవక్త సహచరుడు కఅబ్ బిన్ మాలిక్ (రజి) మాటకారి, ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోగలిగేవాడు. చెప్పలేదు. యాభై రాత్రులు ఎవరూ పలకరించకపోయినా భరించాడు, చివరికి ఆయన తౌబా స్వీకరించినట్టు ఖురాన్‌లోనే దిగింది. పాత పోస్టు ఆ తర్వాత తుడిచెయ్యి. సవరణ చెప్పకుండా తుడిస్తే, స్క్రీన్‌షాట్ దాచుకున్నవాడు 'చూశారా, భయపడి తీసేశాడు, అంటే నిజమే' అంటాడు.

వీడియో మాత్రం వద్దే వద్దు. నువ్వు ఏడిస్తే జనం నిన్ను ఓదారుస్తారు, ఆయన్ని మరిచిపోతారు. పైగా ఏడుస్తూ ఇంకేమేమి ఒప్పుకుంటావోనని నా దిగులు. రాత్రిళ్ళు ఫోన్‌లో చూడకూడనిది చూసి ఉంటావు, అల్లాహ్ దాన్ని కప్పి ఉంచాడు. అది మీ అమ్మకు చెప్పొద్దు, నాకూ చెప్పొద్దు. అల్లాహ్ కప్పిన పాపాన్ని తెల్లారి తనే బయటపెట్టుకునేవాణ్ణి ప్రవక్త (స) ఎంత తీవ్రంగా హెచ్చరించారో బుఖారీలో ఉంది. బహిరంగంగా చేసినదాన్ని బహిరంగంగా సరిదిద్దు, చాటున చేసినదాన్ని చాటునే కడుక్కో.

అందరి ఫోన్లలోంచీ వెనక్కి తీసుకోలేను కదా ఖాలా అంటావు. తీసుకోలేవు. నీకు చేతనైనంతే అల్లాహ్ అడుగుతాడు. షైతాన్ మొదట 'ఒక్క ఫార్వర్డే కదా' అన్నాడు, ఇప్పుడు 'ఇంక నీకు మాఫీ లేదు' అంటాడు. మొదటిదానికి సూరా నూర్ 15వ ఆయత్ జవాబు: మీరు దాన్ని తేలికనుకున్నారు, అల్లాహ్ దగ్గర అది చాలా పెద్దది. రెండోదానికి సూరా జుమర్ 53: అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి. ఈ రెండూ కలిపి చదువు నాన్నా. ఒక్కటే చదివితే గర్వం వస్తుంది, లేకపోతే దిగులు వస్తుంది.

ఆయన దగ్గరికి ఒంటరిగా వెళ్ళడానికి కాళ్ళు రాకపోతే చెప్పు, నేను వస్తాను. పోస్టు పెట్టేముందు ఆ నాలుగు వాక్యాలూ నాకు ఫోన్‌లో చదివి వినిపించు. ఇషా (రాత్రి నమాజ్) తర్వాత చాలాసేపు మేలుకునే ఉంటాను.

దుఆలతో,
నీ పెద్ద ఖాలా