మాంసం మానేశాక ప్రొటీన్‌కి ఏది కొనాలి? నేనైతే టెంపే అంటాను

మాంసం మానేసి ఆరు నెలలైంది, మొక్కల మాంసం ప్యాకెట్లు (మాంసంలా ఉండేలా మొక్కల ప్రొటీన్‌తో చేసేవి), స్పిరులినా (నీళ్లలో పెరిగే నాచులాంటిదాని పొడి), టెంపే (బూజుతో పులియబెట్టిన సోయా దిమ్మ) వీటిలో దేనిమీద డబ్బు పెట్టాలి అని అడిగారు కదా. మూడూ వాడి చూశాను, చివరికి మా ఇంట్లో మిగిలింది టెంపే ఒక్కటే.

స్పిరులినాలో 60 శాతం దాకా ప్రొటీన్ ఉంటుందన్నది నిజమే, కానీ ఆ చెరువు వాసన భరించి రోజూ ఐదు గ్రాముల పొడి మజ్జిగలో కలుపుకుంటే వచ్చేది మూడు గ్రాములు. పైగా బి12 విటమిన్ కూడా అందులోనే వచ్చేస్తుందిలే అని మాత్ర మానేశాను, అది నా తెలివితక్కువతనం. దాంట్లో ఉండేది చాలావరకు మన ఒంటికి పనికిరాని రకం, రక్తపరీక్షలో నాకు బి12 తక్కువని బయటపడింది. మొక్కల మాంసం రుచి బాగుంది గానీ సోయాతో చేసేవి మన మీల్ మేకర్‌కి దగ్గరి చుట్టాలే, ఆ ధర నాకు మింగుడుపడలేదు.

టెంపే ఇండోనేషియా వాళ్లది. ఉడికించిన సోయా గింజల్లో రైజోపస్ అనే బూజు పొడి కలిపితే ఒకటిన్నర రోజులో తెల్లగా అల్లుకుపోయి గింజలన్నీ ఒక దిమ్మలా అవుతాయి. 100 గ్రాములకి 19, 20 గ్రాముల ప్రొటీన్. సోయా గింజలు తింటే నాకు పట్టుకునే గ్యాస్ దీనితో బాగా తక్కువ.

దీన్ని ఇంట్లోనే చేద్దామని మొదలుపెట్టాను. మొదటిసారి గింజలు తడి ఆరకుండానే ప్యాక్ చేశాను, జిగురు పట్టి కంపు కొట్టింది. రెండోసారి బ్రహ్మాండంగా వచ్చింది, కానీ నేను లేచేసరికే మా అత్తయ్య "బూజు పట్టిందమ్మా, పారేశాను" అన్నారు! మూడోసారి మే నెల, హైదరాబాద్ ఎండకి వంటింట్లో పెడితే అమ్మోనియా వాసన. ఆ బూజు పెరగడానికి 30 డిగ్రీలు కావాలి, పైగా పన్నెండు గంటలు దాటాక అదే వేడి పుట్టిస్తుంది కాబట్టి అప్పుడు చల్లటి చోటికి మార్చాలి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు చేసేదిది: రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, ఉడికించి, గుడ్డమీద పూర్తిగా ఆరబెట్టి, గోరువెచ్చగా కూడా లేనప్పుడు ఒక చెంచా వెనిగర్, తర్వాత బూజు పొడి (ఆన్‌లైన్‌లో దొరుకుతుంది) కలుపుతాను. జిప్ కవర్‌కి సూదితో చిల్లులు పొడిచి అంగుళం మందాన సర్దుతాను. చిల్లుల దగ్గర నల్ల మచ్చలొస్తే కంగారు పడకండి, గులాబీ రంగో జిగురో కనిపిస్తే మాత్రం పారేయండి.

పచ్చిగా తినొద్దు. ముక్కలు కోసి పది నిమిషాలు ఆవిరి పట్టి, వేయించి ఉల్లికారం వేస్తే సరిపోతుంది. అత్తయ్య గోంగూరలో వేస్తున్నారు, అదే బాగుంది.

బి12కి మాత్రం మాత్రే వేసుకోండి. థైరాయిడ్ మందు వాడుతుంటే దానికీ సోయాకీ మధ్య కొన్ని గంటలు తేడా ఉండాలి, ఎంతసేపో మీ డాక్టర్‌ని అడగండి.