ల్యాబ్‌లో చేరేముందు పెద్దమ్మ రాస్తున్నది

చిట్టితల్లీ,

పీహెచ్‌డీకి న్యూరోసైన్స్ ల్యాబ్‌లో సీటొచ్చిందని నీ మెసేజ్ చూసి చాలా సంతోషమేసింది. ముందుగా ఏ పేపర్లు చదవమంటావు అని అడిగావు. పేపర్లు ఎక్కడికీ పోవులే. మొదటి రెండు నెలలూ అక్కడి మనుషుల్ని తెలుసుకోవడం మీద పెట్టు. ఎవరి చేతిలో ఏ విద్య ఉందో తెలియకపోతే ఏడాది ఇట్టే గడిచిపోతుంది.

గైడ్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఏ ప్రశ్న మీద పని చేస్తున్నావు, ఎందుకు చేస్తున్నావు అన్నవి గైడ్‌తో తేల్చుకో. మెషీన్ మొరాయించిందని మాత్రం ఆ తలుపు కొట్టకు. చాలామంది గైడ్లు గ్రాంట్లలో, మీటింగుల్లో మునిగిపోయి, ఎలక్ట్రోడ్ చేతపట్టి ఏళ్లయి ఉంటుంది. వారం వారం ఒక గ్రాఫ్ పట్టుకెళ్లి చూపించు, బాగున్నా సరే, బాగోకపోయినా సరే. చెడ్డ రిజల్టుని మూడు నెలలు దాచిపెట్టే స్టూడెంట్ అంటే ఏ గైడ్‌కైనా హడలే.

చేతిపని పోస్ట్‌డాక్‌ల దగ్గర, అంటే పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్నవాళ్ల దగ్గర నేర్చుకోవాలి. కణంలో పారే కరెంటుని కొలిచే ప్యాచ్ క్లాంప్ సంగతే చూడు. గాజు పిపెట్ కొన ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉంటుంది. దాన్ని మైక్రోస్కోప్ కింద న్యూరాన్‌కి, అంటే నాడీకణానికి ఆనించి, సన్నటి గొట్టంలోంచి నోటితో మెల్లగా పీలిస్తే, కణం పొర గాజుకి గట్టిగా అతుక్కుంటుంది. ఈ పద్ధతి తొలి రూపంతోనే నేహెర్, సాక్‌మన్ 1976లో ఒక్క అయాన్ చానెల్‌లో (కణం పొరలో అయాన్లు పోయే సన్నటి దారిలో) పారే కరెంటుని కొలిచి చూపించారు, 1991లో నోబెల్ అందుకున్నారు. అడుగులన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఎంత పీల్చాలి, ఎక్కడ ఆపాలి అన్నది మాత్రం తెలిసినవాళ్ల పక్కన కూర్చుంటేనే వస్తుంది.

అయితే ఎప్పుడు కూర్చోవాలో కూడా తెలియాలి. ఈ రికార్డింగ్‌కి వాడే మెదడు స్లైస్ (పలచగా కోసిన ముక్క) మందం 300 మైక్రాన్ల దాకా ఉంటుంది. 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలు పోతున్న ద్రావణంలో ఉంచినా అది బాగుండేది కొన్ని గంటలే. ఆ కాసేపట్లో వాళ్లని మాటల్లోకి దింపకు, ఊరికే చూడు. రికార్డింగ్ అయిపోయాక రిగ్ (మైక్రోస్కోప్, పిపెట్లు అన్నీ అమర్చిన బల్ల) కడగడానికి సాయం చెయ్యి. అప్పుడు అడిగితే విసుక్కోకుండా చెబుతారు, ఎక్కడా రాయని కిటుకులు కూడా.

సిగ్నల్‌లో కరెంటు లైన్ల గోల (50 లేదా 60 హెర్ట్జ్) కనిపిస్తే టెక్నీషియన్‌ని పిలువు. ఒక్కో దీపం, ఒక్కో పంపు ప్లగ్గు పీకుతూ దొంగని పట్టేస్తారు. ఆ పట్టే వరుసని గమనించు.

ఇక యానిమల్ హౌస్. కొత్తవాళ్లు అక్కడి సిబ్బందిని ఎలుకలు అందించేవాళ్లుగానే చూస్తారు. నాకు అది నచ్చదు, తెలివితక్కువ పని కూడా. గదిలో మగ పరిశోధకులుంటే, చివరికి వాళ్లు తొడిగిన టీషర్ట్ ఉన్నా, ఎలుకలు ఒత్తిడికి లోనై నొప్పికి తక్కువగా స్పందించాయని 2014లో ఒక పేపర్ వచ్చింది. అంటే గదిలోకి ఎవరొచ్చారన్నది కూడా నీ డేటాలో భాగమే. బోను ఎప్పుడు మార్చారు, చీకటి వేళలో ఎవరైనా లైటు వేశారా, పక్కగదిలో డ్రిల్లింగ్ జరిగిందా, ఏ బోనులో కొట్లాటలు... ఇవన్నీ అక్కడ పనిచేసేవాళ్లకే తెలుసు. రోజూ పలకరించు, విన్నది తారీఖుతో సహా నోట్‌బుక్‌లో రాసుకో.

మీ ల్యాబ్‌లో ఈఈజీ, అంటే తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు అలల్ని రికార్డు చేసేది కూడా ఉందన్నావు కదా. అక్కడికొచ్చే వాలంటీర్లనీ ల్యాబ్ మనుషుల్లోనే లెక్కవెయ్యి. 1953లో ఆపరేషన్ తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవని హెచ్.ఎం. అనే ఆయన, 2008లో పోయేదాకా దశాబ్దాల పాటు పరీక్షలకి ఓపిగ్గా కూర్చున్నాడు. జ్ఞాపకశక్తి గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం ఆయన చలవే. నీ దగ్గరికొచ్చేవాళ్లకి ఎంతసేపు పడుతుందో ఉన్నదున్నట్టు చెప్పు, మధ్యలో మానేయొచ్చని కూడా చెప్పు. జుట్టుకంటిన జెల్ కడుక్కోవడానికి షాంపూ, తువ్వాలు సిద్ధంగా పెట్టు. అలిసిపోయినవాళ్లు రెప్పలు ఎక్కువ కొడతారు, ఆ అలలన్నీ రికార్డింగ్‌లో పడతాయి. కాబట్టి మర్యాద వల్ల నీకూ లాభమే!

స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ల దగ్గరికి ప్రయోగం మొదలెట్టకముందే వెళ్లు. 2009లో కొందరు చచ్చిన సాల్మన్ చేపని ఎంఆర్‌ఐ స్కానర్‌లో పెడితే, వేలచోట్ల ఒకేసారి పరీక్షిస్తే కాకతాళీయంగా వచ్చే తప్పుల్ని సరిదిద్దని లెక్కల్లో దాని మెదడు కూడా స్పందించినట్టే కనిపించింది. డేటా అంతా అయ్యాక వెళితే ఎవరైనా చేయగలిగేది తక్కువ.

ఇద్దరు సీనియర్లు ఒకే పనిని రెండు రకాలుగా చెబితే టెన్షన్ పడకు. మెదడు కణాలకి రంగు పట్టించడానికి గాల్జీ కనిపెట్టిన పద్ధతితోనే కహాల్ న్యూరాన్లు విడివిడి కణాలని చూపించాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, గాల్జీ తన నోబెల్ ఉపన్యాసంలోనే ఆ సిద్ధాంతాన్ని దుమ్మెత్తిపోశాడు. నువ్వు ఎవరి పక్షమూ చేరకు. రెండు రకాలుగానూ చేసి, వచ్చినవి రెండూ పక్కపక్కన రాసుకో.

చివరిగా, పేపర్‌లో పేర్ల వరుస గురించి. అడగడానికి మొహమాటంగా ఉంటుంది, నిజమే. కానీ ఎవరు ఏ పని చేస్తే ఎవరి పేరు ఎక్కడ వస్తుందో మొదట్లోనే గైడ్ దగ్గర తేల్చుకుని, మాట్లాడుకున్నది అదేరోజు మెయిల్‌లో పెట్టు. నీ రికార్డింగ్‌కి సాయం పట్టిన టెక్నీషియన్ పేరు కూడా అప్పుడే అడుగు. డ్రాఫ్ట్ రాసేనాటికి ఎవరికీ గుర్తుండదు.

చేరాక ఉత్తరం రాయి. రిగ్ దగ్గర నిన్ను ఎవరు కూర్చోనిచ్చారో ముందు అది చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ