పాత గాడ్జెట్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: ఇల్లు సర్దుతుంటే నాన్నగారి పాత వాక్‌మన్ బయటపడింది. కొత్త సెల్స్ వేసి ప్లే నొక్కితే లోపల మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోంది గానీ క్యాసెట్ కదలడం లేదు. ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు: అప్పుడే వదులుకోకండి. మోటారు తిరుగుతోందంటే ప్రాణం ఉన్నట్టే. మీరు రాసినదాన్ని బట్టి పోయింది బెల్టే అయి ఉంటుంది. మోటారు నుంచి టేపుని లాగే చక్రానికి కదలికని అందించేది ఒక సన్నటి రబ్బరు బెల్టు. ఏళ్ల తరబడి మూలన పడుంటే అది సాగిపోతుంది. కొన్నింటిలో ఏకంగా కరిగి నల్లటి బంకలా తయారవుతుంది.

మూత విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. అందుకే కాగితం మీద వాక్‌మన్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెడుతుంటాను. బంక కనిపిస్తే చేతికి గ్లవ్స్ వేసుకోండి, అది వేలికి అంటిందంటే ఒక పట్టాన వదలదు. ఇయర్‌బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో (శుభ్రం చేయడానికి వాడే స్పిరిట్) ముంచి పుల్లీ గాడి, అంటే బెల్టు కూర్చునే చక్రం అంచున ఉండే గాడి, మొత్తం తుడవండి. గాడిలో ఆవగింజంత మిగిలినా కొత్త బెల్టు దాని మీదుగా వెళ్లిన ప్రతిసారీ ఎగురుతుంది, పాట వణుకుతుంది. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు.

పాత బెల్టు కరిగిపోయి కొలత దొరక్కపోతే, అది వెళ్లాల్సిన దారి వెంట దారం చుట్టి కొలవండి. ఆ కొలత కన్నా కాస్త చిన్న బెల్టు కొంటే బిగువుగా కూర్చుంటుంది. మరీ బిగిస్తే మోటారు మీద భారం పడుతుంది. తెరిచారు కాబట్టి పనిలో పనిగా టేపుని నొక్కి పట్టే రబ్బరు చక్రాన్ని, అంటే పించ్ రోలర్‌ని, దాని పక్కనున్న, టేపు మీది పాటని చదివే హెడ్‌ని కూడా తుడిచేయండి.

ఇక స్పీడు సంగతి. 1963లో ఫిలిప్స్ క్యాసెట్‌ని తెచ్చినప్పటి నుంచీ టేపు వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లే. 3,150 హెర్ట్జ్ శబ్దం రికార్డు చేసిన టెస్ట్ క్యాసెట్లు దొరుకుతాయి. దాన్ని పెట్టి, ఫోన్‌లో ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ తెరవండి. అంకె ఎక్కువ చూపిస్తే టేపు వేగంగా పోతున్నట్టు, తక్కువ చూపిస్తే నెమ్మదించినట్టు. చాలా మోడళ్లలో మోటారు వెనకో, సర్క్యూట్ బోర్డు మీదో చిన్న సర్దుబాటు స్క్రూ ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పి చూడండి. మొదటిసారి ఆ అంకె సరిగ్గా కుదిరినప్పుడు కలిగే సంతోషం మీకూ దక్కాలని నా కోరిక.

మీలాగే మొదలుపెట్టాలనుకుని, కొత్తగా కొనబోయేవాళ్లకో మాట. 1979 నాటి మొట్టమొదటి సోనీ వాక్‌మన్ కోసం వెతుకుతూ కూర్చోకండి. పేరులేని మామూలు ప్లాస్టిక్ ప్లేయరైనా పరవాలేదు, లోపల పని చేయడానికి చోటుంటే చాలు. ఆటో రివర్స్ (క్యాసెట్ తిప్పి పెట్టకుండానే రెండో వైపు పాడే సదుపాయం) ఉన్నవీ, మరీ పల్చటివీ చేయి తిరిగాక చూసుకోవచ్చు.

ప్రశ్న: అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా, ఈ పాత సామాన్లతో ఎందుకింత తంటా?

జవాబు: నా మటుకు నాకు, విప్పి చూడగలిగిన వస్తువు మీద మమకారం ఎక్కువ. పాత గాడ్జెట్లలో చిప్ చెడిపోవడం నేను చాలా అరుదుగా చూశాను. పోయేవల్లా రబ్బరు, సెల్స్, కెపాసిటర్లు, స్విచ్చుల కాంటాక్టులు. ఎక్కువ భాగం చవకవే, మార్చుకోదగ్గవే. అంత చిన్నదానికి మొత్తం వస్తువునే చెత్తబుట్టలో వేస్తుంటే నాకు మనసొప్పదు. కాసియో ఎఫ్-91డబ్ల్యూ వాచీనే చూడండి. 1989లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. ఒక్క సెల్ దాదాపు ఏడేళ్లు వస్తుంది. అదయిపోతే వెనక నాలుగు స్క్రూలు విప్పి కొత్తది వేసుకోవడమే.

ప్రశ్న: పాత రేడియోలో ఆల్కలైన్ సెల్స్ కారిపోయి, స్ప్రింగుల మీద తెల్లటి పొడి, పచ్చటి చిలుము పట్టాయి. ఎలా శుభ్రం చేయాలి?

జవాబు: ఆల్కలైన్ సెల్స్ నుంచి కారేది క్షారం. కాబట్టి వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ ముంచిన ఇయర్‌బడ్‌తో అద్దండి, కాస్త పొంగుతుంది. ఆ పొంగు ఆగేదాకా అద్ది, నీటితో తడిపి పిండిన బడ్‌తో తుడిచి, చివరగా ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టండి. ఈ పొడి కళ్లకూ చేతులకూ తగలనివ్వకండి.

ఇంతటితో ఆపేస్తారు చాలామంది. స్ప్రింగు నుంచి బోర్డుకి వెళ్లే వైరు చివర కూడా కాస్త ఒలిచి చూడండి. కారిన ద్రవం వైరు తొడుగు లోపలికీ పాకుతుంది. లోపలి రాగి నల్లబడి ఉంటే దాని మీద సోల్డర్ అంటదు, ఆ వైరు మార్చాల్సిందే. స్ప్రింగులు తళతళలాడుతున్నా రేడియో పలకడం లేదంటే ఎక్కువగా నాకు దొరికే దొంగ ఇదే.

ప్రశ్న: 2004 నాటి డిజిటల్ కెమెరా కొన్నాను. 32 జీబీ కార్డు పెడితే ఎర్రర్ వస్తోంది. కెమెరా పాడైందా?

జవాబు: కెమెరాకి ఏమీ కాకపోవచ్చు, టెన్షన్ పడకండి. మీ 32 జీబీ కార్డు ఎస్‌డీహెచ్‌సీ రకం, అంటే 2 జీబీ దాటిన ఎస్‌డీ మెమరీ కార్డు. అది 2006లో వచ్చింది, కాబట్టి అంతకు ముందటి కెమెరాకి దాన్ని చదవడం తెలియదు. 2 జీబీ లేదా అంతకన్నా చిన్న మామూలు ఎస్‌డీ కార్డు తెచ్చి, కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. కొన్ని కెమెరాలు 1 జీబీ దాటితేనే మొరాయిస్తాయి, అందుకని మాన్యువల్‌లో ఒకసారి చూసుకుని కొనండి.