పాత ఎంఎక్స్-5కి క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేస్తే పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుందా?

మిర్యాలగూడ తమ్ముడు అడిగింది ఇదీ: మామ 1998లో ఇంగ్లాండ్ నుంచి వస్తూ తెచ్చుకున్న 1993 మాజ్డా ఎంఎక్స్-5, టాప్ దించే చిన్న స్పోర్ట్స్ కారు, ఇప్పుడు తన చేతికొచ్చింది. పికప్ లేదు. పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ డబ్బా సైలెన్సర్ పైపులో ఉంటుంది కదా, షెడ్డులో "కన్వర్టర్ చోక్ అయింది, పీకి పైపు పెడదాం" అంటున్నారు. అట్లా పెడితే పొల్యూషన్ టెస్టులో పాసవుతుందా అని. పొగలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 3.5 శాతం దాకా ఉండొచ్చని మామ చెప్పాడట.

పాసవుతుంది. అయినా పీకించకు. నాది మహబూబ్‌నగర్, నా దగ్గరా అదే బండి ఉంది, అదే 1.6 ఇంజిన్. 2016లో నేను సరిగ్గా నువ్వు అడిగిన పనే చేయించాను.

ముందు పాసయ్యే సంగతి. మన దగ్గర బీఎస్-2 (భారత్ స్టేజ్ అనే పొగ ప్రమాణాల్లో రెండోది) కంటే ముందటి పెట్రోల్ కార్లకు ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, సీఓ 3 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు, అంటే కాలని పెట్రోల్) 1500 పీపీఎం లోపు ఉంటే చాలు. బీఎస్-2, బీఎస్-3 కార్లకు సీఓ 0.5, హెచ్‌సీ 750. బీఎస్-4 నుంచి ఇంకా గట్టిగా ఉంటుంది, 2500 ఆర్పీఎం దగ్గర లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్లు) కూడా చూస్తారు. మీ మామ చెప్పిన 3.5 శాతం కన్వర్టర్ లేని పాత కార్లకు ఇంగ్లాండ్‌లో ఉన్న లిమిట్. కన్వర్టర్‌తో వచ్చిన ఆ కాలపు కారుకు అక్కడ మామూలుగా ఐడిల్‌లో 0.5, రేస్ చేసినప్పుడు 0.3 దాటకూడదు. అంటే అక్కడ ఫెయిలయ్యే పొగతో ఇక్కడ దర్జాగా తిరగొచ్చు. నా బండికి కన్వర్టర్ తీయించాక బంకు పక్కన ఆగి ఉండే పొల్యూషన్ వ్యాన్‌లో చెక్ చేయిస్తే సీఓ 2.71 వచ్చింది. పిల్లగాడు కాగితం చేతిలో పెట్టి "పాస్ అన్నా" అన్నాడు. నేనూ సంబరపడ్డాను.

ఆ సంబరం జడ్చర్ల దాకా కూడా నిలవలేదు. టాప్ దించి పోతుంటే వెనక గాలి సుడి తిరిగి పొగంతా సీట్లలోకే వస్తుంది. పచ్చి పెట్రోల్ వాసన. మా ఆవిడ చున్నీ ముక్కుకు కట్టుకుని కూర్చుంది, మళ్లీ ఆ బండి ఎక్కనంది. పికప్ మాత్రం మునుపటిలాగే అంతంతమాత్రం! అంటే కన్వర్టర్ చోక్ కానే లేదు. పీకిన ముక్కను షెడ్డాయన స్క్రాప్‌కు అమ్ముకున్నాడు. లోపల ప్లాటినం, పలాడియం, రోడియం పూత ఉంటుంది, అందుకే దానికి గిరాకీ. ఎవరైనా "ఊరికే పీకిస్తా" అంటే ఎందుకు ఊరికేనో ఒక్కసారి ఆలోచించు.

అసలు రోగం తర్వాత హైదరాబాద్‌లో ఒక పెద్దాయన కనిపెట్టాడు. షట్టర్ దించి, లైట్లు ఆర్పి, బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైర్ల మీద స్ప్రే బాటిల్‌తో నీళ్లు చిలకరించాడు. కాయిల్ ఉండే వెనక భాగంలో నీలం నిప్పురవ్వలు చిటపటమని ఎగిరాయి. ఈ బండికి ప్లగ్ వైర్లు చెడిపోవడం మామూలే. ఒక సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకోక, కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోతోంది. దానికితోడు పొగలో ఆక్సిజన్ చూసి పెట్రోల్ పాళ్లు సరిచేయించే ఆక్సిజన్ సెన్సార్ చచ్చిపోయి ఇంజిన్ ఎక్కువ పెట్రోల్ తాగుతోంది. వైర్లు, సెన్సార్ మార్చాక కన్వర్టర్ లేకుండానే సీఓ 0.6కు దిగింది. పికప్ కూడా వచ్చేసింది.

కాబట్టి నువ్వు ముందు చేయాల్సింది ఇది. బండి చల్లగా ఉన్నప్పుడు కన్వర్టర్‌ను పిడికిలితో కొట్టు. లోపల గలగలమంటే తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ పగిలినట్టు. తర్వాత ఆక్సిజన్ సెన్సార్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టించు, 2500 ఆర్పీఎం దగ్గర 3 పీఎస్ఐ దాటితే నిజంగానే అడ్డం పడింది. దాటలేదంటే తప్పు ఇంకెక్కడో ఉంది. మిస్‌ఫైర్ అవుతుంటే, అంటే సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకోకపోతే, కొత్త కన్వర్టర్ కూడా ఆ పచ్చి పెట్రోల్ లోపల కాలి కరిగిపోతుంది, అందుకే వైర్ల సంగతి తేలకుండా కొత్తది కొనొద్దు.

మీ మామను ఇంకో మాట అడుగు, 1998, 99లలో ఏ పెట్రోల్ పోయించేవాడని. దేశమంతా సీసం లేని పెట్రోల్ వచ్చింది 2000 ఫిబ్రవరిలో. కన్వర్టర్ తప్పనిసరి అన్న రూల్ కూడా 1995 ఏప్రిల్‌లో మొదట నాలుగు మహానగరాలకే పెట్టారు. అప్పట్లో మన జిల్లాల్లో సీసం పెట్రోల్ పోయించి ఉంటే ఆ సీసం లోపలి పూత మీద పేరుకుని కన్వర్టర్‌ను చంపేసి ఉంటుంది. చూడ్డానికి తేనెపట్టు నిక్షేపంగా ఉంటుంది, గాలి ఆడుతుంది, పని మాత్రం చేయదు. వేడి ఇంజిన్‌తో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూడు. బాగున్న కన్వర్టర్‌కు మామూలుగా ముందు కంటే వెనక వేడి ఎక్కువ. చచ్చినదానికి వెనక తక్కువే.

నేను చివరికి యూనివర్సల్ కన్వర్టర్ కొని, ఫ్లాంజ్‌లు వెల్డింగ్ చేయించి పాతదాని చోట్లోనే బిగించాను. సీఓ 0.08. టెస్టుకు పోయేముందు ఇరవై నిమిషాలు గట్టిగా నడుపు, కన్వర్టర్ 250, 300 డిగ్రీలకు చేరితేగానీ పని మొదలుపెట్టదు. నా ఆర్సీలో ఎమిషన్ నార్మ్స్ గడి ఖాళీ. ఒకసారి వ్యాన్ పిల్లగాడు బీఎస్-4 అని నొక్కి ఫెయిల్ చేశాడు, తయారైన ఏడాది చూపించి మళ్లీ చేయించుకున్నాను. ఇక కన్వర్టర్ పీకి బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు అడ్డం వస్తుంది, సర్టిఫికెట్ ఉన్నా సరే.

కన్వర్టర్ పెట్టించాక వడ్లు కోసే రోజుల్లో జాగ్రత్త. మీ దగ్గరా మా దగ్గరా రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు, గడ్డి చెల్లాచెదురుగా పడి ఉంటుంది. ఈ బండి నేలకు ఆనుకుని పోతుంది. దేవరకద్ర దాటాక ఒకసారి కాలిన వాసన వచ్చి ఆపి చూస్తే, కన్వర్టర్ కింది రేకుకు గుప్పెడు వరిగడ్డి చుట్టుకుని పొగలు కక్కుతోంది. పక్క పొలంలో ఆయన కర్ర తెచ్చి గీకితే ఊడింది. అప్పటినుంచి డిక్కీలో ఒక ఇనుప చువ్వ, రెండు లీటర్ల నీళ్లు పెట్టుకునే తిరుగుతున్నాను.