గాలి గొట్టంలో క్యాన్సర్: మా అక్క విషయంలో జరిగింది

మీ తమ్ముడికి 41 ఏళ్లు, గాలి గొట్టంలో అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అని బయాప్సీలో వచ్చింది, ఆపరేషన్ చేయించాలా, రేడియేషన్ సరిపోతుందా, ఎన్నేళ్లు ఉంటాడు అని అడిగారు. మా అక్కకి వచ్చిందీ ఇదేనండీ. ఆపరేషనయ్యాక ఇది ఏడో ఏడు. నేను డాక్టర్ని కాదు, ఆస్పత్రుల చుట్టూ ఆవిడ వెంట తిరిగినదాన్ని.

మాకు ఏడాదిన్నర ఆస్తమా మందులతోనే పోయింది. ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు, ఇన్‌హేలర్ మార్చి మార్చి ఇచ్చారు. ఆస్తమాలో పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వినిపిస్తాయి. అక్కకి పీల్చేటప్పుడు కూడా గరగరమని వచ్చేది. పక్కన పడుకున్న నాకే వినిపించేది, అయినా ఎవరికీ చెప్పలేదు. కఫంలో రక్తపు చార పడ్డాక గానీ సీటీ తీయలేదు.

నెట్‌లో కనిపించే అంకెలు చూసి భయపడకండి. చాలాచోట్ల గాలి గొట్టం క్యాన్సర్‌లో స్క్వామస్ అనే ఇంకో రకాన్నీ, మీ తమ్ముడి రకాన్నీ కలిపేస్తారు. స్క్వామస్ రకం ఎక్కువగా పొగతాగేవాళ్లకి, పెద్ద వయసులో వస్తుంది, త్వరగా ముదురుతుంది. మీ తమ్ముడిది నెమ్మదిగా పెరిగేది, పొగతో సంబంధం లేనిది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి వాళ్లు 2004లో 270 మంది వివరాలు ప్రచురించారు. మీ తమ్ముడి రకంలో ఆపరేషన్ అయినవాళ్లు అయిదేళ్లకి 52 శాతం, పదేళ్లకి 29 శాతం బతికి ఉన్నారు. ఆపరేషన్ వీలుకానివాళ్లలో అవి 33, 10. స్క్వామస్‌కైతే ఆపరేషన్ అయినా 39, 18. వీలుకానివాళ్లకి జబ్బు ముందే ముదిరి ఉంటుంది కాబట్టి తేడా అంతా ఆపరేషన్ వల్లే అనుకోకూడదు. పైగా అవి పాత కేసులు.

మాకు మొదటిచోట ‘కోయడం కుదరదు’ అన్నారు. గాలి గొట్టం ఆపరేషన్లు చేసిన అనుభవమున్న థొరాసిక్ (ఛాతీ) సర్జన్ అదే సీటీ చూసి కుదురుతుందన్నారు. మీరూ అలాంటి ఇంకొకరికి చూపించకుండా ‘కుదరదు’ అన్న మాట ఒప్పుకోకండి. గొట్టం మొత్తం 11 సెంటీమీటర్లుంటే, అక్కకి మూడు తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టారు. ఆ కుట్టు లాగకుండా గడ్డాన్ని ఛాతీ చర్మానికి కుట్టేశారు, వారం రోజులు. తలెత్తడానికి లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లని అక్క చెప్పులు చూసి గుర్తుపట్టేది. నేను మంచం పక్కన నేలమీద కూర్చుని, కింద నుంచి స్పూనుతో జావ పట్టేదాన్ని. ఇది ముందే మీ తమ్ముడికి చెప్పి ఉంచండి, లేకపోతే మెలకువ రాగానే హడలిపోతాడు.

ఈ జబ్బు నరాల వెంట కంటికి కనపడనంత సన్నగా పాకుతుంది. అందుకే గడ్డ మొత్తం తీసినా అంచుల్లో మిగిలే అవకాశం ఎక్కువ. అక్కకి తర్వాత 30 సిట్టింగులు రేడియేషన్ ఇచ్చారు. మింగుడుపడక రెండు నెలలు కష్టపడింది. పదేళ్లు దాటాక కూడా ఈ జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకి మచ్చల్లా కనిపించవచ్చు కాబట్టి ఇప్పటికీ ఏటా సీటీ తీయిస్తున్నాం.

ఒకటి మాత్రం అర్జెంటు. ఆపరేషన్ తేదీ కుదిరేలోగా దారి మూసుకుపోతుంటే బ్రాంకోస్కోపీ (గొంతులోంచి గాలి గొట్టంలోకి కెమెరా ఉన్న ట్యూబు పంపడం) చేసి లోపలి గడ్డ కొంత తీసి గాలి ఆడేలా చేస్తారు. మీ తమ్ముడికి ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఊపిరిలో ఆ గరగర చప్పుడు వస్తోందంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఇవాళే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.